విమానం లేటైతే... డిస్నీ ఆగుతుందా?

సినిమాకు అరగంట ఆలస్యంగా వెళితే హాలువాళ్లు మళ్లీ మొదట్నుంచి వేయరు. టికెట్టు డబ్బులూ వెనక్కివ్వరు. తప్పు మనదా, బస్సుదా, ట్రాఫిక్‌దా అని ఎవరూ అడగరు. రెండొందల రూపాయల సినిమాకైతే 'పోన్లే' అనుకుంటాం. అదే... నలుగురి కుటుంబం ఏడాదంతా కూడబెట్టి, ఆర్నెల్ల ముందే లక్షలు కట్టేసిన విహారయాత్రలో జరిగితే?

థీమ్ పార్కు ప్యాకేజీల్లో ఉన్న చిక్కు సరిగ్గా ఇదే. అన్నిటికీ డబ్బు ముందే కట్టేస్తాం. ప్రతిదానికీ ఓ తేదీ ఉంటుంది. దారిలో ఎక్కడ ఆలస్యమైనా ఆ తేదీ మన కోసం ఆగదు.

ఈ తరహా యాత్రలకు పెట్టింది పేరు అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో నగరం పక్కన 1971 అక్టోబరు 1న మొదలైంది. సుమారు 25 వేల ఎకరాల్లో మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పార్కులు. పక్కనే యూనివర్సల్ వాళ్ల పార్కులు. 2025 మేలో వాళ్లు 'ఎపిక్ యూనివర్స్' అని ఇంకోటి కూడా తెరిచారు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు పిల్లల సెలవులకో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో తప్పకుండా చూపించే చోటు ఇది. ఇక్కణ్నుంచి నేరుగా వెళ్లేవాళ్లకైతే ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. మారిన ప్రతిచోటా ఆలస్యానికి ఓ అవకాశం ఉన్నట్టే!

ఒకటే బిల్లు... నాలుగు లెక్కలు

ప్యాకేజీ అనగానే అంతా ఒకటే అనుకుంటాం. కట్టేదీ ఒకేసారి కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి అందులో విమానం, హోటలు గది, పార్కు టికెట్లు, ముందే ఖాయం చేసుకున్న భోజనాలు... ఇలా దేని లెక్క దానిదే.

ఉదయం చేరాల్సిన కుటుంబం రాత్రికి చేరిందనుకోండి. విమానం వాళ్లు ఆలస్యంగానైనా తీసుకొచ్చారు. హోటలు వాళ్లు గదిని మనకోసం ఖాళీగానే ఉంచారు. పార్కు వాళ్లు పొద్దున్నే గేటు తీశారు. అంటే, ఎవరి లెక్కలో వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే. నష్టం మాత్రం మనది!

రద్దు నిబంధనలు చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. గది, టికెట్లు కలిపి డిస్నీ అమ్మే ప్యాకేజీని నెల రోజుల ముందు రద్దు చేసుకుంటే కోత ఉండదు. ఆ తరవాతైతే 200 డాలర్లు పట్టుకుంటారు. దిగాల్సిన రోజో, అంతకు ముందురోజో అయితే మొత్తం వదులుకోవాల్సిందే. విమానాలు ఆలస్యమయ్యేది ఎప్పుడు? సరిగ్గా ఆ రోజే! నిబంధన ఎప్పుడు కఠినంగా ఉంటుందో, అవసరమూ అప్పుడే పడుతుంది.

గడువులోనే ఉంది గుట్టు

అలాగని పోయిన రోజు పోయినట్టేనా? అన్నిసార్లూ కాదు. డిస్నీ వరల్డ్‌లో ఒక్కరోజు టికెట్టు ఆ తేదీకే చెల్లుతుంది. కానీ, మామూలు నాలుగు రోజుల టికెట్టును ఏడు రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మొదటిరోజు విమానాశ్రయంలోనే గడిచిపోయినా మిగతా ఆరు రోజుల్లో నాలుగు పార్కులూ చూసేయొచ్చన్నమాట.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. సెలవు ఒక్కరోజూ వృథా కాకూడదని నాలుగు రోజుల టికెట్టుకు నాలుగే రోజులు ఉండేలా ప్రయాణం పెట్టుకుంటారు. గడువు ఏడు రోజులున్నా తిరుగు విమానం ఐదో రోజునే ఉంటే ఏం లాభం? ఒక్కరోజు ఖాళీ ఉంచుకుంటే, ఆ రోజే ఆలస్యానికి బీమా.

అసలు వాడకుండానే గడువు దాటిన టికెట్టుకు డిస్నీ డబ్బు వాపసివ్వదు కానీ, కట్టిన మొత్తాన్ని కొత్త టికెట్టుకు జమ చేసుకోనిస్తుంది. క్యూ తప్పించుకోవడానికి అదనంగా కొనే పాసులు మాత్రం ఆ రోజుకే పరిమితం.

తుపాను వస్తే ఓ దారి

అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకూ. ఆగస్టు నుంచి అక్టోబరు వరకూ జోరెక్కువ. మన దసరా సెలవులు పడేది అందులోనే. 2022 సెప్టెంబరు 28, 29 తేదీల్లో 'ఇయన్' తుపాను వల్ల డిస్నీ వరల్డ్ పార్కులు మూతపడ్డాయి. 2024 అక్టోబరులో 'మిల్టన్' వచ్చినప్పుడు 9వ తేదీ మధ్యాహ్నం నుంచి మూసి, 11న తెరిచారు.

అలాంటప్పుడు డిస్నీ కాస్త మెత్తబడుతుంది. ప్రయాణానికి వారం రోజుల్లోపు ఓర్లాండో ప్రాంతానికి గానీ, మనముండే ఊరికి గానీ అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం హెచ్చరిక జారీ చేస్తే, డిస్నీ నుంచి నేరుగా కొన్న ప్యాకేజీని తన తరఫున ఏ కోతా లేకుండా మార్చుకోవచ్చు లేదా రద్దు చేసుకోవచ్చు. వేరేవాళ్ల ద్వారా కొన్న విమాన టికెట్లకు ఇది వర్తించదు. వాటి సంగతి వాళ్లతోనే తేల్చుకోవాలి.

ఆకాశం నిర్మలంగా ఉన్నా విమానాలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. 2022 డిసెంబరులో మంచు తుపానుతో మొదలైన ఇబ్బంది, సౌత్‌వెస్ట్ సంస్థ సిబ్బంది కేటాయింపు వ్యవస్థ చేతులెత్తేయడంతో తుపాను తగ్గాక కూడా కొనసాగింది. 16,900 విమానాలు రద్దయ్యాయి. 20 లక్షల మందికి పైగా చిక్కుకుపోయారు. అమెరికా రవాణా శాఖ ఏడాది తరవాత 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2024 జులై 19న ఓ సాఫ్ట్‌వేర్ పొరపాటు ప్రపంచమంతటా కంప్యూటర్లను స్తంభింపజేస్తే హైదరాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 2025 డిసెంబరు 5న ఒక్కరోజే ఇండిగో విమానాలు వెయ్యికి పైగా రద్దయ్యాయి. శంషాబాద్‌లోనూ జనం గంటల తరబడి పడిగాపులు పడ్డారు.

విమానం వాళ్లు ఏమిస్తారు?

అమెరికాలో ఆలస్యానికి నష్టపరిహారమంటూ చట్టం లేదు. అయితే దేశంలోపలి ప్రయాణం 3 గంటలు, విదేశీ ప్రయాణం 6 గంటలకు మించి ఆలస్యమై, మనం వెళ్లొద్దనుకుంటే టికెట్టు డబ్బు పూర్తిగా వాపసివ్వాలి. ఈ నియమం 2024లో వచ్చింది. కానీ అది విమానం డబ్బు మాత్రమే. హోటలు, పార్కు లెక్క అందులోకి రాదు.

మనదేశంలో డీజీసీఏ నిబంధనల ప్రకారం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి వాపసో కోరుకోవచ్చు. ఎదురుచూపుల్లో తిండి, కొన్ని సందర్భాల్లో హోటలు బస ఇవ్వాలి. ముందు చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5 వేల నుంచి రూ.10 వేల దాకా పరిహారం. వాతావరణంలాంటి సంస్థ చేతిలో లేని కారణాలైతే ఆ పరిహారం ఉండదు.

విదేశీ ప్రయాణాలకు ఇంకో రక్ష ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. మనదేశం అందులో 2009లో చేరింది. ఆలస్యాన్ని తప్పించడానికి చేయదగినదంతా చేశామని విమానయాన సంస్థ నిరూపించుకోలేకపోతే, దానివల్ల జరిగిన నష్టాన్ని మనం అడగొచ్చు. 2024 డిసెంబరు 28 నుంచి దీని గరిష్ఠ పరిమితి మనిషికి 6,303 ఎస్‌డీఆర్‌లు. మన డబ్బుల్లో ఏడు లక్షల పైమాటే. అంత ఇస్తారని కాదు, ఎంత నష్టపోయామో రుజువులతో చూపించినంత వరకే.

యూరప్‌లో ఈ విషయంలో చట్టం మరింత గట్టిది. డిస్నీల్యాండ్ పారిస్‌కు విమానం, హోటలు కలిపి అక్కడి సంస్థ ఒకే ప్యాకేజీగా అమ్మితే అందులోని ప్రతి భాగానికీ ఆ అమ్మినవాళ్లే బాధ్యులు. 'అది విమానం వాళ్లనడగండి' అని తప్పించుకునే వీల్లేదు.

కాగితం గెలిపించింది

మన దగ్గర ఇలాంటి పోరాటం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 జూన్‌లో రాజస్థాన్‌కు చెందిన ఓ కుటుంబం రైల్లో జమ్మూ వెళ్లి, అక్కణ్నుంచి శ్రీనగర్‌కు విమానం ఎక్కాలి. ఉదయం 8.10కి చేరాల్సిన రైలు దాదాపు నాలుగు గంటలు ఆలస్యమైంది. విమానం వెళ్లిపోయింది. శ్రీనగర్‌కు టాక్సీలో వెళ్లారు. ఆళ్వార్ జిల్లా వినియోగదారుల ఫోరం వాళ్లకు టాక్సీ కింద రూ.15 వేలు, బుకింగ్ ఖర్చుల కింద రూ.10 వేలు, మానసిక వేదనకూ కోర్టు ఖర్చులకూ ఇంకొంత ఇప్పించింది. రైల్వే సుప్రీంకోర్టు వరకూ వెళ్లినా 2021 సెప్టెంబరులో అక్కడా ఓడిపోయింది. ఆలస్యానికి కారణమేంటో రుజువులతో చూపలేకపోయిందన్నదే తీర్పులో కీలకం.

మనకు అమ్మిన ట్రావెల్ సంస్థ చెప్పిన సేవ అందించకపోతే ఇదే దారి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనముండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. సలహాకు 1915 నంబరు ఉండనే ఉంది.

డబ్బు కట్టేముందే...

* పార్కు టికెట్టు మొదలయ్యే తేదీకి ఒకరోజు ముందే ఊరు చేరేలా చూసుకోవాలి. ఆఖర్న ఒక ఖాళీ రోజుంటే ఇంకా మంచిది.

* మధ్యలో మారే విమానాలన్నీ ఒకే పీఎన్ఆర్‌పై ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే, మరో విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. విడివిడిగా కొంటే మనం రానట్టే లెక్క.

* మొదటి విమానం వదిలేసి సొంతంగా వేరేది ఎక్కేస్తే, అదే టికెట్టులోని తిరుగు ప్రయాణం కూడా రద్దయ్యే ప్రమాదం ఉంది. ముందు వాళ్లకు చెప్పి రాయించుకోవాలి.

* ఆలస్యమని తెలియగానే హోటలుకు ఫోన్ చేయాలి. రాలేదనుకుని మొత్తం రోజుల బుకింగ్‌నూ రద్దు చేసే హోటళ్లున్నాయి.

* ఆలస్యానికి కారణం రాసిన కాగితం లేదా ఈమెయిల్ విమానం వాళ్ల దగ్గర అక్కడే తీసుకోవాలి. తిండి, టాక్సీ, గది బిల్లులన్నీ దాచాలి.

* ప్రయాణ బీమాలో 'ఆలస్యం' కింద ఇచ్చేది సాధారణంగా కొద్ది మొత్తమే, అదీ ఇన్ని గంటలు దాటాకే. ముందే కట్టిన హోటలు, టికెట్ల డబ్బు కూడా వస్తుందా అని అడిగి కొనాలి. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకు సాధారణంగా పనికిరాదు.

* ప్యాకేజీ అమ్మేవాళ్లను ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. 'ఒకరోజు ఆలస్యంగా చేరితే ఏవేవి పోతాయి, ఏవేవి మిగుల్తాయి?' జవాబు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆలస్యాన్ని ఎవరూ ఆపలేరు. అది ఎవరి జేబులోంచి పోవాలన్నది మాత్రం డబ్బు కట్టకముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే ప్యాకేజీలో ఎన్ని పార్కులున్నాయో లెక్కపెట్టేటప్పుడు ఖాళీ రోజులు ఎన్నున్నాయో కూడా చూసుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగితే ఆ రోజు పిల్లలు హోటలు ఈతకొలనులో గడిపేస్తారు. జరక్కపోతే, ఆ ఒక్కరోజే మిగతా యాత్రను నిలబెడుతుంది.