గుండె మీద తప్పెట

నౌపడ ఉప్పు మడులు దాటి టెక్కలి వైపు వెళ్లినా, పలాస మీదుగా ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లోకి దిగినా ఊరికో అమ్మవారు, అమ్మవారికో సంబరం. కొన్ని ఊళ్లలో ఏటా, కొన్నింట మూడేళ్లకో ఐదేళ్లకో. హైదరాబాద్, చెన్నైల్లో కూలికెళ్లినవాళ్లు, గుజరాత్‌లోని వెరావల్ రేవులో వేట చేసేవాళ్లు ఆ రోజులకి పని మానుకుని మరీ ఊళ్లో దిగుతారు. ఈ ప్రాంతపు సంబరాల్లో దూరం నుంచే గుర్తుపట్టగల చప్పుడు ఒకటుంది. తప్పెటగుళ్లు.

ఇది గొల్లల ఆట. ఉత్తరాంధ్రలో గొర్రెలూ మేకలూ కాసినవాళ్లు తమ గంగమ్మ తల్లి కోసం, వానల కోసం ఆడుతూ వచ్చారు. తప్పెటంటే రేకుతో చేసిన గుండ్రటి వాద్యం. దాన్ని తాడుతో మెడకు తగిలించుకుంటే సరిగ్గా గుండె మీద ఆనుతుంది. రెండు చేతులతో దాన్ని వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో, పదిహేను ఇరవై మంది మగవాళ్లు గుండ్రంగా తిరుగుతారు. పక్కన డప్పులవాళ్లు అక్కర్లేదు. ఆడేవాడే వాయిస్తాడు, పాడతాడు కూడా. గురువు ఒక చరణం అందుకోగానే మిగతావాళ్లు వంత పాడతారు. అడుగు మారితే దెబ్బ మారాలి, దెబ్బ మారితే గజ్జె మారాలి. ఒక్కడు తప్పినా వలయమంతా తెలిసిపోతుంది.

పాటలో కాటమరాజు కథ ఉంటుంది, గంగమ్మ ఉంటుంది, కృష్ణుడూ ఉంటాడు. నడుమ నడుమ ఒకరి భుజాలపై ఒకరెక్కి గోపురం కడతారు, నెత్తిన కుండ జారకుండా చిందేస్తారు. పిల్లలకి ఆ విన్యాసాలే ఇష్టం. పెద్దవాళ్లు కథ కోసం కూర్చుంటారు.

పశువుల చుట్టూ ఇలాంటి సందడే బ్రెజిల్‌లోనూ ఉంది. మరన్యావ్ రాష్ట్రంలో జూన్ నెల వస్తే ‘బుంబా మెవు బోయ్’ మొదలవుతుంది. కథ చిన్నదే. నిండు చూలాలు కతిరీనాకు ఎద్దు నాలుక తినాలని కోరిక పుడుతుంది. పెళ్లాం మాట కాదనలేక ఫ్రాన్సిస్కో యజమాని ముద్దుల ఎద్దునే కోసేస్తాడు. గొడవ గొడవైపోయాక ఎద్దు మళ్లీ బతికి లేస్తుంది. ఇక రాత్రంతా ఆటే. 2019లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ ఎద్దే అమెజాన్ తీరంలోని పరించిన్స్ పట్టణానికి చేరి మరీ పెద్దదైంది. ఎర్ర జట్టు గరంచీదు, నీలం జట్టు కప్రిషోజు. ఆ పోటీ కోసమే 1988లో ఒక స్టేడియం కట్టారు. ఒక జట్టు ఆడుతుంటే రెండో జట్టు అభిమానులు కిక్కురుమనకూడదు. ప్రేక్షకులకూ మార్కులుంటాయి మరి! అక్కడ జూన్ చివర్లో మూడు రాత్రులు, ఒక్కో జట్టుకు రాత్రికి రెండున్నర గంటల దాకా సమయం ఇస్తారు.

తప్పెటగుళ్లకు లోటు సరిగ్గా ఇక్కడే. ప్రభుత్వ ఉత్సవమైనా, ఊరేగింపైనా పిలుపు వస్తోంది, శాలువా కప్పుతున్నారు, కానీ దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో గోపురం కట్టి, కుండ విన్యాసం చూపి దిగిపోవాలి. కాటమరాజు నోరు విప్పే వేళకే తర్వాతి బృందం పేరు మైకులో వినిపిస్తుంది. గోపురం కట్టడం నేర్చుకున్న కుర్రాళ్లకు కథ కంఠతా పట్టే అవసరం ఎక్కడొస్తుంది? తెల్లవార్లూ ఆడించుకునే సంబరాల్లోనూ ఇప్పుడు డీజేదీ, ఆర్కెస్ట్రాదీ పెద్ద వాటా. ఊరి పెద్దలు ఆ వాటాలో రెండు గంటలు గొల్లల బృందానికి వదిలినా గురువుకు కథ ఎత్తుకునే వీలుంటుంది, వంత పాడే కుర్రాళ్లకు చరణాలు నోటికొస్తాయి.