ఒక్క డాలరుకు పదహారెకరాలు

పదహారెకరాల స్థలం, పట్టణంలోనే. ధర ఒకే ఒక్క డాలరు!

ఇలాంటి బేరం తగిలిందని మీ నాన్నగారు ఇంటికొచ్చి చెబితే మీరేమంటారు? "ఏదో తిరకాసు ఉంది నాన్నా" అంటారు కదూ. 1953 ఏప్రిల్‌లో అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరపు విద్యాబోర్డు సరిగ్గా ఇలాంటి బేరమే కుదుర్చుకుంది. అమ్మింది హుకర్ అనే రసాయనాల కంపెనీ. తిరకాసు ఉన్నమాట నిజమే. అయితే దాన్ని ఎవరూ దాచలేదు. ఈ స్థలాన్ని రసాయన వ్యర్థాలతో పూడ్చామనీ, వాటివల్ల ఎవరికి ఏ హాని జరిగినా, ప్రాణమే పోయినా, తమకు బాధ్యత లేదనీ కంపెనీ దస్తావేజులోనే రాయించింది. బోర్డు ఆ షరతుకు ఒప్పుకునే స్థలం పుచ్చుకుంది. పుచ్చుకుని, అక్కడ పిల్లల బడి కట్టింది.

అసలు ఆ స్థలం కథేమిటో ముందు చూద్దాం. 1890 ప్రాంతాల్లో విలియం లవ్ అనే ఆయన, నయాగరా నది ఎగువనూ దిగువనూ కలుపుతూ ఒక కాలువ తవ్వి, ఆ నీటితో కరెంటు తీయాలనుకున్నాడు. ఆ రోజుల్లో ఏకముఖ విద్యుత్తును దూరం పంపడం కుదిరేది కాదు. కాబట్టి కరెంటు కావలసిన ఫ్యాక్టరీలన్నీ తన కాలువ పక్కకే రాక తప్పదని ఆయన లెక్క. ఇంతలో ఏకాంతర విద్యుత్తు రంగంలోకి దిగింది. తీగల మీద ఎంత దూరమైనా వెళ్ళగల కరెంటు ఉండగా కాలువ పక్కకు వెళ్ళే ఖర్మ ఎవరికి? 1893 ఆర్థిక మాంద్యం కూడా తోడై లవ్ గారి పథకం మూలపడింది. తవ్వినంత మేరా ఒక పొడుగాటి గొయ్యి మాత్రం మిగిలింది. దానికి 'లవ్ కెనాల్' అనే పేరూ మిగిలింది. అందులో నీళ్ళు చేరితే ఊరి పిల్లలు ఈతలు కొట్టేవారు.

1942 నుంచి దాదాపు పదేళ్ళపాటు హుకర్ కంపెనీ ఆ గోతిలో తన వ్యర్థాలను పారబోసింది. పురుగుమందుల తయారీలో మిగిలిన మడ్డి, క్లోరిన్ కలిసిన బెంజీన్ పదార్థాలు, డయాక్సిన్ అనే మహావిషం కలిసిన వ్యర్థాలు, అన్నీ కలిపి దాదాపు 20 వేల టన్నులు. చాలావరకు ఇనుప డ్రమ్ముల్లో వేసి పాతిపెట్టారు. గొయ్యి నిండాక పైన బంకమట్టి కప్పారు.

బంకమట్టి ఎందుకు? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. రెండు గరాటుల్లో అడుగున గుడ్డపీలిక పెట్టి, ఒకదానిలో ఇసుక, ఇంకొకదానిలో తడిపి మెత్తిన బంకమట్టి నింపండి. రెండింటిలోనూ సిరా కలిపిన నీళ్ళు పోయండి. ఇసుకలోంచి సిరా చకచకా దిగిపోతుంది. బంకమట్టి మీద గంటలకొద్దీ నిలబడుతుంది. దాని రేణువులు మహా సన్నవి, వాటి మధ్య సందులు ఇంకా సన్నవి. అందువల్ల బంకమట్టి గోడలున్న గొయ్యి ఒక తొట్టిలాంటిది. పైన మూత ఉన్నంతకాలం లోపలి సరుకు లోపలే ఉంటుంది.

మరి మూత పగిలితే? బడి పునాదులకనీ, రోడ్లకనీ, మురుగు గొట్టాలకనీ ఆ బంకమట్టిని తవ్వారు. పునాదులు తవ్వుతుంటే వ్యర్థాల డ్రమ్ములు బయటపడ్డాయి కూడా. కట్టడాన్ని కాస్త పక్కకు జరిపి పని కానిచ్చారు! 1955లో బడి తెరిచారు. చుట్టూ ఇళ్ళు లేచాయి. ఇక వాన నీరు పైనుంచి లోపలికి దిగడమే తప్ప అడుగునుంచి బయటికి పోయే దారి లేదు. తొట్టి నిండింది, పొంగింది. 1970ల మధ్యలో కురిసిన భారీ వానలకూ మంచుకూ నల్లని జిడ్డు ద్రవం ఇళ్ళ నేలమాళిగల్లోకి ఊరసాగింది. పెరట్లో చెట్లు మాడిపోయాయి. ఆ బడిలో చదివే ఒక పిల్లవాడి తల్లి లోయిస్ గిబ్స్ ఇంటింటికీ తిరిగి జనాన్ని కూడగట్టింది. 1978 ఆగస్టులో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. బడి మూతపడింది. రెండువందలకు పైగా కుటుంబాలు అప్పటికప్పుడు ఇళ్ళు వదిలాయి. తరువాత మరికొన్ని వందల కుటుంబాలు కదిలాయి.

తవ్వి చూస్తే సరిపోదా?

"కొనేముందు నాలుగు రంధ్రాలు తవ్వి చూస్తే పోయేదిగా!" అని మీకు తోచవచ్చు. కంపెనీ పక్షం చెప్పిన కథనం ప్రకారం ఆ పనీ జరిగింది. 1952లో బోర్డువాళ్ళను స్థలానికి తీసుకెళ్ళి, వాళ్ళ ఎదుటనే ఎనిమిది చోట్ల తవ్వి చూపించారు. రెండు చోట్ల నాలుగడుగుల లోతునే రసాయనాలు తగిలాయి. అంటే విషం ఉందా అన్న ప్రశ్నకు జవాబు ముందే దొరికింది. మూత తీస్తే అది ఏ దారిన పోతుంది, ఎవరిని చేరుతుంది అన్న ప్రశ్నను బోర్డు పట్టించుకోలేదు. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికన్నా భయంకరంగా తోచేది ఇదే.

మట్టి ముప్పును అంచనా వేసే శాస్త్రజ్ఞులు ఇప్పుడు మూడు విషయాలు చూస్తారు: విషం, దారి, మనిషి. మూడూ కలిస్తేనే ముప్పు. కాంక్రీటు గచ్చు కింద సీసం కలిసిన మట్టి ఉంటే, ఆ గచ్చు మీద నడిచే పనివాడికి అది తగలదు. అదే స్థలంలో గచ్చు తీసేసి ఆటస్థలం చేశారనుకోండి. పిల్లలు మట్టిలో పొర్లుతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళ శరీరం చిన్నది కనుక కొంచెం సీసమే ఎక్కువ అవుతుంది. మట్టి మారలేదు, ముప్పు మారింది. కాబట్టి "ఈ స్థలం మంచిదేనా?" అని అడిగేవాణ్ణి నిపుణుడు "అక్కడేం కడతారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ముందు కాగితాలు, తరువాత గునపం

ఫ్యాక్టరీ స్థలం అమ్మకానికి వస్తే పరీక్ష మట్టితో మొదలవదు, కాగితాలతో మొదలవుతుంది. ఇది ఎందుకో లెక్క వేసి చూద్దాం. పదహారెకరాలంటే సుమారు 65 వేల చదరపు మీటర్లు. చదరంగం బల్లలా 20 మీటర్ల గడులు గీసి, గడికొక రంధ్రం చొప్పున వేస్తే 160 పైచిలుకు రంధ్రాలు. ఎంతో ఖర్చు. ఆ స్థలంలో ఎక్కడో 10 మీటర్ల వ్యాసం ఉన్న విషపు మడుగు ఒకటి దాగి ఉందనుకుందాం. దాని వైశాల్యం సుమారు 78 చదరపు మీటర్లు. ఒక్కో రంధ్రం వంతుకు వచ్చే నేల 400 చదరపు మీటర్లు. 78ని 400తో భాగించండి. మన రంధ్రాల్లో ఒకటి ఆ మడుగుకు తగిలే అవకాశం నూటికి ఇరవై! అయిదింట నాలుగుసార్లు "మట్టి శుభ్రం" అనే తప్పుడు నివేదికే చేతికొస్తుంది. పాత తొట్టి ఫలానా మూల ఉండేదని తెలిస్తే, ఒక్క రంధ్రంతో పని తీరిపోతుంది.

అందుకే నిపుణుడు మొదట పత్తేదారు పని చేస్తాడు. అమెరికాలో అయితే అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం 1867 నుంచి గీసిన పాత పటాలున్నాయి. ఏ షెడ్డులో బాయిలరు ఉంది, ఏ మూల నూనె తొట్టి ఉంది, అన్నీ వాటిలో గుర్తించారు. విమానం నుంచి తీసిన పాత ఫొటోలు మరో ఆధారం. ఇక్కడొక మాట. మన దగ్గర స్థలం కొనేవాళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీయిస్తారు కదా. స్థలం ఎవరెవరి చేతులు మారిందో, తాకట్టులో ఉందో లేదో అది చెబుతుంది. అందులో ఏం పారబోశారో చెప్పదు.

ఫ్యాక్టరీ ఏం చేసేదో తెలిస్తే ఏ విషం వెతకాలో తెలిసినట్టే. తోళ్ళ పరిశ్రమ అయితే క్రోమియం. లోహాలకు పూత పూసేది అయితే క్రోమియం, నికెల్, సైనైడు. బ్యాటరీల కార్ఖానా అయితే సీసం. పెట్రోలు బంకు అయితే బెంజీన్. లోహపు భాగాల జిడ్డు కడిగే చోట ట్రైక్లోరోఇథిలీన్ వాడేవారు. దీని నడత విచిత్రం. పెట్రోలు నీటికన్నా తేలిక కనుక భూగర్భజలం మీద తేలుతుంది. ఇది నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు కనుక నీటిని దాటుకుని అడుక్కు పోయి కూర్చుంటుంది. ఈ సంగతి తెలియనివాడు పైనీరు తీసి పరీక్షించి సంతోషిస్తాడు.

కాగితాల తరువాత కాలినడక. గడ్డి మొలవని మచ్చలు, రంగు మారిన నేల, ఎక్కడికి పోతుందో తెలియని పాత గొట్టం మూతి, ఇవన్నీ ఆనవాళ్ళు. రిటైరైన వాచ్‌మన్‌ను కూచోబెట్టి మాట్లాడితే చాలాసార్లు పటాలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఆ తరువాతే డ్రిల్లు. అదీ జాగ్రత్తగా! లోపలి బంకమట్టి పొరను పొడిస్తే, పరీక్షించడానికి వచ్చినవాడే విషానికి దారి తెరిచినవాడవుతాడు. ఒక రంధ్రం మట్టి ఇంకోదానిలో కలవకుండా పనిముట్లు కడగాలి. బెంజీన్ వంటివి గాలిలో కలిసిపోతాయి కనుక నమూనాను వెంటనే మూత బిగించి చల్లగా ఉంచాలి. ఖర్చు తగ్గుతుందని పది నమూనాలు కలిపేయడమూ ప్రమాదమే. తొమ్మిదింటిలో కిలోకు 20 మిల్లీగ్రాముల సీసం, ఒకదానిలో 2,000 ఉంటే సగటు 218 వస్తుంది. ఆ ఒక్కటి ఎక్కడిదో కనబడకుండా పోతుంది. ప్రకృతిసిద్ధమైన మట్టిలోనూ కొంత సీసం ఉంటుంది. కాబట్టి ఫ్యాక్టరీ గాలి సోకని దగ్గరి నేల నుంచి కూడా నమూనా తెచ్చి పోల్చి చూస్తారు.

లవ్ కెనాల్ గొడవ తరువాత 1980 డిసెంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. విషం పోసినవాడితోపాటు, ప్రస్తుతం ఆ స్థలం ఎవరిదో వాళ్ళనూ శుద్ధి ఖర్చుకు బాధ్యులను చేసింది. కొనేవాళ్ళ గుండెల్లో రాయి పడింది! 1986లో దాన్ని సవరించి, కొనకముందే తగిన విచారణ అంతా చేసినా విషం జాడ తెలియనివాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. దానితో ఈ పరీక్ష ఒక వృత్తిగా స్థిరపడింది. విచారణ పాతబడినా చెల్లదు. స్థలం చూడడం, పాతవాళ్ళను అడగడం వంటి ముఖ్యమైన పనులు కొనుగోలుకు ముందు 180 రోజుల లోపల జరిగి ఉండాలి.

మన దేశంలో కలుషిత స్థలాలను గుర్తించి శుద్ధి చేయించేందుకు కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అంతకు చాలా ముందే పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించారు. క్రోమియం, ఆర్సెనిక్, సీసం వంటివి ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయని 2001లో ప్రచురించారు.

లవ్ కెనాల్‌లోని విషాన్ని ఎవరూ తవ్వి తీయలేదు. అన్ని వేల టన్నుల సరుకును కదిలించడమే పెద్ద ముప్పు. మళ్ళీ బంకమట్టి కప్పి, దానిమీద ప్లాస్టిక్ పొర పరిచి, చుట్టూ కంచె వేశారు. పొంగే నీటిని పట్టడానికి గోతి చుట్టూ కాలువలు వేశారు. 2004లో ప్రభుత్వం ఆ స్థలాన్ని ప్రమాదకర స్థలాల జాబితా నుంచి తొలగించింది. పంపులు మాత్రం ఆగలేదు. ఊరిన నీటిని తోడి శుద్ధి చేసే పని ఇప్పటికీ సాగుతూనే ఉంది.