లోవాకిలి దాకా చేయిపట్టి నడిపేవారు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, 1929లో కండరాలనుంచి ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. మనం తిన్న రాగిసంగటి ఇచ్చే సత్తువలో ఒంటికి చేతి ఖర్చుకు పనికివచ్చే రొక్కం ఈ ఏ.టి.పి.యే.

ఈ రొక్కం చాలాభాగం తయారయ్యేది జీవకణంలోని మైటోకాండ్రియాలో. దానికి రెండు పొరలు, నడుమ కాస్త ఖాళీ. రొక్కం తయారుచేసే యంత్రాలు లోపలి పొరలో నాటుకొని ఉంటవి. అవన్నీ ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు. వింత ఏమంటే, మనిషిలో మైటోకాండ్రియా సొంతంగా చేసుకునే ప్రోటీనులు పదమూడే! తక్కిన వెయ్యికి పైగా బయట తయారై లోపలికి రావలసినవే. మరి వాటికి దారి ఎట్లా తెలుస్తుంది?

తిరుమల గుడిని తలచుకోండి. ముందు మహాద్వారం, ఆ తరువాత వెండివాకిలి. ఇక్కడా అంతే. వెలుపలి పొరలోని మహాద్వారం పేరు టామ్. లోపలి పొరలో టిమ్ 23, టిమ్ 22 అని రెండు వాకిళ్లు.

చాలా ప్రోటీనులకు మొదట్లో చీటీవంటి తునక ఒకటి ఉంటుంది. దానికి ధనవిద్యుత్తు, లోపలి పొరకు ఆవలి వైపున ఋణవిద్యుత్తు. ఆ ఆకర్షణతో ప్రోటీను, ఉండ విప్పిన దారంవలె, టిమ్ 23లో దూరుతుంది. లోపలికి వెళ్లాక చీటీ తెగిపోతుంది. కొన్నింటికి నీళ్లు గిట్టని ముక్క ఒకటి ఉంటుంది. అది వాకిట్లోకి రాగానే ప్రయాణం ఆగి, ప్రోటీను పక్కకు జరిగి పొరలోనే స్థిరపడుతుంది. మరికొన్ని పూర్తిగా లోపలికి పోయి, అక్కడినుంచి వెనుదిరిగి పొరలో నాటుకుంటవి.

చీటీ లేనివీ ఉన్నవి. తయారైన ఏ.టి.పి.ని బయటికి చేరవేసే ప్రోటీను అటువంటిది. దాని గుర్తులు ఒంట్లోనే ఉంటవి. కాని నీళ్లు గిట్టని ఒళ్లు కనుక, రెండు పొరల నడుమ ఒంటరిగా వదిలితే ముద్దకట్టి చెడుతుంది. అందుకని ‘చిన్న టిమ్’లనే సహాయకులు చేయిపట్టి టిమ్ 22 దాకా నడిపిస్తవి.

చిన్నవే గదా అని తీసివేయకండి. నార్వేలో ఒక కుటుంబంలోని మగవారికి చిన్నతనంలోనే చెవుడు రావడాన్ని 1960లో వైద్యులు వర్ణించారు. పోను పోను కాళ్లు చేతులు మెలితిరగడం, చూపు తగ్గడం కూడా ఆ జబ్బులో భాగమేనని తరువాత తేలింది. 1996లో దానికి కారణమైన జన్యువు దొరికింది. 1999లో అసలు సంగతి బయటపడింది: లోపం ఈ చిన్న సహాయకులలో ఒకదానిది! ప్రోటీనులు తమ చిరునామా తామే మోసుకుపోతవని చూపిన బ్లోబెల్‌కు నోబెల్ బహుమానం వచ్చిందీ ఆ ఏడే.

ఇది అరుదైన జబ్బు. చెవుడన్నదల్లా ఇదే అనుకొని బెదరవద్దు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోముమీద ఉన్నది. లోపమున్న తల్లి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. ఆమె కన్న ప్రతి కొడుక్కూ అది సంక్రమించే అవకాశం సగం. ఇందుకు మేనరికం కారణం కాదు. తల్లి తిండి కాదు, నడవడి అసలే కాదు. బిడ్డకు ఏదైనా లోపం కనబడితే కోడలిని ఆడిపోసుకునే ఇళ్లు మనలో ఇంకా ఉన్నవి. కంటికి కనిపించని వాకిట్లో జరిగిన పొరపాటుకు ఆమెను దోషిగా నిలబెట్టడం న్యాయమా? వైద్యునివద్దకు తీసుకుపోతే జన్యుపరీక్షలో నిజం తెలుస్తుంది.