పెద్ద ఏనుగు, చిన్న కుంచె

"తాతా, సైనికుడికి వేసిన రంగే ఏనుక్కీ వేసినా. వాడు బాగుండాడు, ఏనుగు మాత్రం మరకలు మరకలుగా ఉంది. యాల?"

చింతామణిలో మా మనవడు అడిగిన ప్రశ్న ఇది. ప్రశ్న చిన్నదేగానీ దాని జవాబులో గడియారం ఉంది, కాఫీ ఉంది, గోడకేసే సున్నం ఉంది. తీరుబాటుగా చెప్పుకుందాం.

ముందు ఆ బొమ్మల సంగతి. బల్ల మీద ప్లాస్టిక్ సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టి, పాచికలేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ ఆడే యుద్ధం ఆట ఇది. హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లిషు రచయిత 1913లోనే 'లిటిల్ వార్స్' అని ఇలాంటి ఆటకు నియమాల పుస్తకం రాశాడు. 1983లో వార్‌హ్యామర్ అనే ఆట వచ్చాక ఈ సరదా దేశదేశాలకూ పాకింది. బొమ్మలు చాలావరకు రంగు లేకుండా, విడి ముక్కలుగా వస్తాయి. అతికించుకోవడం, రంగు వేసుకోవడం ఆడేవాడి పని. నన్నడిగితే అదే అసలు ఆట. గజ తురగ రథ పదాతులను గళ్ళ మీద నడిపించిన మనకు ఇందులో వింతేమీ లేదు. చిక్కబళ్ళాపురంలో, బాగేపల్లిలో దసరాకు బొమ్మలు నిలబెట్టే ఇళ్ళవాళ్ళు పాత బొమ్మలకు రంగులు దిద్దుకునేటప్పుడు కూడా ఈ కబురు పనికొస్తుంది.

మా మనవడి సైనికుడు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు. ఏ బొమ్మనైనా అదే ఆకారంతో నిలువూ అడ్డమూ లోతూ అయిదింతలు చేశామనుకోండి. ఎత్తు అయిదింతలే, కానీ రంగు పూయాల్సిన ఒళ్ళు 25 ఇంతలు. ఇంతవరకూ బడిలో చెప్పేదే. చెప్పనిది ఒకటుంది. పలచగా పూసిన రంగు ఎంతసేపట్లో ఆరుతుందన్నది పొర మందాన్ని బట్టి, గాలిని బట్టి ఉంటుందిగానీ బొమ్మ సైజును బట్టి కాదు. నేల 25 ఇంతలైంది, గడువు మాత్రం అంతే ఉంది. పైగా మన సీమ గాలి పొడిగాలి. చిక్కబళ్ళాపురం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే కుంచె మీదే రంగు గట్టిపడిపోతుంది.

అందుకే ఏనుగు పక్కటెముకల దగ్గర మొదలెట్టి తొడ దాకా వచ్చేసరికి మొదలెట్టిన అంచు సగం ఆరి ఉంటుంది. దాని మీద మళ్ళీ కుంచె తగిలిందా, రంగు చిరిగి లేస్తుంది. పెనం మీద దోసె పిండిని పోసిన వెంటనే గరిటెతో తిప్పితే సరేగానీ, కాస్త పట్టుకున్నాక సరిచేయబోతే ఏమవుతుందో తెలుసు కదా, అదే.

ఇక మరక. చిన్న బొమ్మకు పలచని నల్లరంగు నీళ్ళు పూస్తే బట్ట మడతల్లోకి, కవచం సందుల్లోకి తనంతట తనే జారి నీడలా కూర్చుంటుంది. సన్నని సందు ద్రవాన్ని లోపలికి లాక్కుంటుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కేదీ ఈ గుణంతోనే. ఏనుగు పొట్ట మీద సందెక్కడిది? రంగునీళ్ళు మడుగు కట్టి అక్కడే ఆరుతాయి. ఆరాక చూస్తే నడుమ పలచన, అంచున ముదురు గీత.

బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క కూడా ఇలాగే ఆరుతుంది. ఎందుకలా అన్నది షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 1997లో తేల్చి చెప్పారు. చుక్క అంచు బల్లకు అతుక్కుని కదలదు. పలచగా ఉండే ఆ అంచు దగ్గరే నీరు తొందరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడుమ నుంచి నీరు అంచుకు పరుగెడుతూ రంగు రేణువులను మోసుకుపోయి అక్కడ దించేస్తుంది. ఇంత రోజువారీ విషయానికి సరైన కారణం అంత ఆలస్యంగా దొరికిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కారణం తెలిశాక విరుగుడు కష్టం కాదు. నీరు పరుగెత్తే లోపే మడుగును ఎత్తెయ్యాలి. ఇంకో కుంచెను తడిపి, గుడ్డకు అద్ది, ఆ చెమ్మ కుంచె మొనను మడుగుకు తాకిస్తే అదనపు రంగును పీల్చేస్తుంది. చెవి మడతల్లో, గోళ్ళ చుట్టూ, మావటి కూర్చునే చోట మాత్రం వదిలేయాలి. మైదానంలా ఉండే పొట్టకూ వీపుకూ ఈ రంగునీళ్ళు పూయకపోవడమే మేలు.

ఇంకో చిక్కుంది. రంగు చాలక మధ్యలో మళ్ళీ కలిపితే తేడా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు సరిపోయినట్టే కనిపించి, ఆరాక ఒక ఛాయ ముదురుతుంది. ఇంటికి సున్నం కొట్టినవాళ్ళకు దీనికి తిరగబడ్డ అనుభవం ఉంటుంది. తడి సున్నం గోడ మీద వెలవెలబోతూ పలచగా ఉంటుంది, మర్నాటికి తెల్లగా మెరుస్తుంది. ఒకటేమో ఆరితే ముదురు, ఇంకొకటి ఆరితే తెలుపు!

రెంటికీ సూత్రం ఒక్కటే. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి పోయేటప్పుడు, రెంటి వక్రీభవన గుణకాలకు, అంటే వెలుగును వంచే కొలతలకు, ఎంత తేడా ఉంటే అంత చెదురుతుంది. చెదిరిన వెలుగే తెలుపు. సున్నం రేణువు గుణకం సుమారు 1.6, నీటిది 1.33, గాలిది 1. తడిలో తేడా తక్కువ. ఆరి సందుల్లో గాలి చేరితే తేడా పెరిగి గోడ తెల్లబడుతుంది. ఈ బొమ్మలకు వేసే అక్రిలిక్ రంగులో జిగురు నీళ్ళలో తేలే సన్నని పూసల్లా ఉంటుంది కాబట్టి తడిగా ఉన్నంతసేపూ పాలలా తెల్లగా కనిపిస్తుంది. నీరు పోయాక ఆ పూసలన్నీ కలిసి ఒకే పొరైపోతాయి, చెదరడానికి సరిహద్దులుండవు, పాలరంగు పోయి అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి పెద్ద బొమ్మకు కావలసిన రంగంతా ఒకేసారి కలిపి, మూత గట్టిగా బిగించి పెట్టుకోవాలి.

రంగుల కింద వేసే తెల్లపూతకు కూడా ఇదే లెక్క. పసుపు, ఎరుపు రంగులు చాలావరకు కింద ఉన్నదాన్ని సరిగా దాచలేవు. అడుగున తెలుపుంటే వెలుగును వెనక్కి పంపి వాటిని వెలిగిస్తుంది. ఇప్పటి పూతల్లో ఉండే టైటానియం డయాక్సైడు గుణకం 2.7 దాకా ఉంటుంది, అందుకే పలచని పొరే చాలు. కొండపల్లి అంబారీ ఏనుగుకు అయితే తెల్ల పొణికి కర్ర మీద చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు పెట్టి, పైన సున్నం పూసి ఆ తర్వాతే రంగులకు దిగుతారు. ప్లాస్టిక్ బొమ్మనైతే ముందు సబ్బునీళ్ళతో కడగాలి. చేతి జిడ్డు మీద ఏ పూతా నిలవదు.

పెద్ద ఒంటిని గడువులోగా ముగించేదెట్లా అంటే, ముక్కలు చేసుకోవాలి. బాగేపల్లి నుంచి హైవే మీద ఉత్తరంగా పోయి కొడికొండ దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి. విజయనగరం కాలంలో, 16వ శతాబ్దంలో వీరభద్రాలయం పైకప్పుకు వేసిన బొమ్మలు చూడండి. మనిషికి ఎన్నో రెట్లున్న వీరభద్రుడి ఒంటిని కూడా నగలు, అంచులు, నల్లని గీతలు మడులుగా విడదీస్తాయి. ఒక్కో మడిలో ఒక్కటే రంగు, నీడలూ మెరుపులూ లేవు. వాళ్ళు ఏ ఉద్దేశంతో అలా వేశారోగానీ రంగు వేసే చేతికి అంతకన్నా మంచి పాఠం లేదు. ఏనుక్కీ అంతే. జీనుగుడ్డ అంచు, పట్టీలు, చెవి మొదలు, కాలి మడత ఇవే గట్లు. ఒక మడి పూర్తయ్యాకే ఇంకోదాంట్లో దిగాలి. పొట్టకు వెడల్పు కుంచె పట్టాలి. సన్నకుంచెతో పెద్ద ఏనుగుకు పూనుకోవడం ఓపిక కాదు, మొండితనం.

చివరగా ఒక మాట, పిల్లలకే కాదు పెద్దలకూ. రంగు వేస్తున్నంతసేపు ఫ్యాను ఆపండి. లేచేముందు కుంచె కడగండి. జిగురు పూసలు ఒకసారి కలిసిపోయాయంటే ఇక నీళ్ళకు విడిపోవు, కొత్త కుంచె కొనుక్కోవాల్సిందే.