వీరశబ్దార్థ విచారము



శ్రీ విష్ణు సహస్రనామ పారాయణము ముగిసిన పిమ్మట ఒక తల్లి ఇట్లు ప్రశ్నించినది: "అయ్యా! స్వామిని 'వీరః' అని మూడు తావుల స్తుతించుచున్నాము. 'వీరహా' అనియు మూడు తావుల చెప్పుచున్నాము. వీరహా అనగా వీరులను సంహరించువాడే గదా! తానే వీరుడైన స్వామి వీరులను చంపుట యేమి? కత్తి పట్టి యెరుగని నావంటి గృహిణికి ఈ నామముతో పని యేమి?"

ప్రశ్న చిన్నది కాదు. అర్థము తెలియక పలికినను నామము పావనమే. తెలిసి పలికినచో అది మన నడతను కూడ దిద్దును. కావున నేడు ఈ ఒక్క పదమును విచారింతము.

పదమునకు మూలము

సంస్కృతమున 'వీర' ధాతువునకు విక్రాంతి అని అర్థము. అమరసింహుడు శూరుడు, వీరుడు, విక్రాంతుడు అను మూడింటిని పర్యాయములుగా చెప్పెను. విక్రాంతి, విక్రమము అను మాటలలో నున్నది 'క్రమ' ధాతువు. దానికి అడుగు వేయుట అని అర్థము. మూడడుగులతో లోకములను కొలిచిన స్వామికి త్రివిక్రముడను పేరు అందువలననే కలిగినది. కాగా వీరుడనగా చంపువాడని కాదు, ముందునకు అడుగు వేయువాడని అర్థము. వేదమున ఈ పదము పెక్కు తావుల పుత్రుడను అర్థమున కూడ వచ్చును. వంశమును ముందునకు నడుపువాడు పుత్రుడే గదా!

రసశాస్త్రము చెప్పునది

భరతముని నాట్యశాస్త్రమున వీరరసమునకు ఉత్సాహము స్థాయిభావమని చెప్పెను. క్రోధము రౌద్రరసమునకు స్థాయి. రౌద్రమునకు ఎఱుపు వర్ణము, వీరమునకు గౌరవర్ణము. ఈ భేదమును మనము మఱచితిమి. కన్నులెఱ్ఱజేసి కేకలు వేయువానిని వీరుడని మెచ్చుకొనుచున్నాము. అది వీరము కాదు, రౌద్రము. లోకమున "వీరంగము వేసినాడు" అని ఎగతాళిగా అనుట అట్టివానిని గూర్చియే. క్రోధము క్షణములో ఎగసి చల్లారును. ఉత్సాహమో, పూనిన పని పూర్తియగువఱకు నిలుచును.

భరతుడు దానవీరము, ధర్మవీరము, యుద్ధవీరము అని మూడు విధములు చెప్పెను. 14వ శతాబ్దమున విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దయావీరమును చేర్చి నాలుగు గావించెను. 17వ శతాబ్దమున మన గోదావరి సీమకు చెందిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ఈ లెక్క నాలుగుతో ఆగునా అని విచారించి, సత్యవీరము, క్షమావీరము, పాండిత్యవీరము మొదలగువానిని కూడ ప్రస్తావించెను.

యుద్ధవీరుడు శ్రీరాముడు. విల్లు విరిగి, కిరీటము పడి, నిరాయుధుడై నిలిచిన రావణుని చూచి, అలసితివి, నేడు పోయి మరల రమ్మని విడిచిపెట్టెను. చంపగలిగియు చంపకుండుట ఆ వీరమునకు శిఖరము. ధర్మవీరుడు ధర్మరాజు. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కడుగిడనని నిలిచెను. దయావీరుడు రంతిదేవుడు. నలువదియెనిమిది దినములు ఉపవసించిన పిమ్మట లభించిన అన్నమును అతిథులకు పెట్టి, మిగిలిన గుక్కెడు నీటిని కూడ దాహార్తుని కిచ్చెను. ఈ ముగ్గురును చూపిన వీరమున ఎదుటివానిని కూల్చుట లేదు.

బలిచక్రవర్తి

దానవీరుని కథ కొంత విస్తరించి చెప్పవలెను. పోతనామాత్యుని భాగవతమున అష్టమస్కంధము చదువని తెలుగువాడు అరుదు. బలి మొదట యుద్ధవీరుడు. ఇంద్రుని గెలిచి స్వర్గము నేలెను. ఆ వీరము మహత్తరమైనదే గాని, అందు నేను, నాది అనుట కలదు. వామనుడు వచ్చి మూడడుగులు యాచించెను. వచ్చినవాడు విష్ణువని, ఇచ్చినచో సర్వమును పోవునని శుక్రాచార్యుడు హెచ్చరించెను. ప్రాణాపాయమున, సర్వస్వము పోవు వేళ అబద్ధమాడినను దోషము లేదని తప్పించుకొను దారి కూడ చూపెను. గురువే దారి చూపినపుడు వెనుదిరుగుట ఎంత సులువు! బలి వెనుదిరుగలేదు. గురుశాపమునకు కూడ వెఱవక ధారపోసెను. రెండడుగులతో సమస్తమును పోయినది. వరుణపాశములతో కట్టువడి, మూడవ అడుగునకు తన శిరస్సును చూపెను.

అచట అడుగులు వేసినవాడు త్రివిక్రముడు, అడుగు వెనుకకు తీయనివాడు బలి. ఇరువురును వీరులే. స్వామి బలిని చంపలేదు. బలిలోని "గెలిచినవాడను నేను" అను గర్వమును మాత్రము హరించి, సుతలలోకమిచ్చి, తానే అతని వాకిట కావలి నిలిచెను.

తెలుగునాట వీరపదము

దక్షయజ్ఞమును ధ్వంసము చేసినవానికి వీరభద్రుడని పేరు. భద్రమనగా శుభము. దక్షుడు తుదకు బ్రదికెను, యజ్ఞమును పూర్తియైనది. వీరమునకు ముగింపు భద్రమే కావలెనని ఆ పేరే చెప్పుచున్నది. వీరశైవులు జీవశివైక్యమును బోధించు విద్య యందు రమించువాడు వీరుడని అర్థము చెప్పుదురు. కారంపూడిలో ఏటేట పల్నాటి వీరుల ఆయుధములను పూజింతురు. ఆ ఉత్సవమున బ్రహ్మనాయుని పేరుతో నిలిచిన చాపకూడు కూడ ఒక భాగము. కులభేదము లేక ఒక్క పంక్తిని కూర్చుండుటకు ఆ కాలమున ఎంతటి ధైర్యము కావలెనో ఊహింపుడు!

ప్రశ్నకు సమాధానము

ఆదిశంకరులు తమ భాష్యమున 'వీరహా' అను నామమునకు ఒక తావున, ధర్మరక్షణకై అసురవీరులను సంహరించువాడని చెప్పిరి. వేఱొక తావున, సంసారుల నానావిధ గతులను మోక్షమిచ్చి తొలగించువాడని వివరించిరి. మాట ఒక్కటే, అర్థము వేఱు. ఈ నామములను చెప్పినవాడు అంపశయ్యపై నున్న భీష్ముడని మఱువరాదు. తాను కూలిన వీరుడు! కూలిన పిమ్మట, నన్ను కూల్చినవాడే నాకు గతి యని కీర్తించుచున్నాడు. స్వామి చంపునది వీరత్వమును కాదు, వీరుడనను అహంకారమును. అది పోయిన పిమ్మట మిగులు ఉత్సాహము స్వామి సొత్తు. దానికే 'వీరః' అని పేరు.

ఆ తల్లి మంచము పట్టిన అత్తగారికి నాలుగేండ్లుగా సేవ చేయుచున్నదని పిదప తెలిసినది. "అమ్మా! ప్రతి ఉదయము విసుగు మీ గడపలో నిలుచును. దానిని దాటి అడుగు వేసి ఆమె పక్కను మార్చుచున్నారు. చూచి మెచ్చువారు లేరు. శాస్త్రము దీనినే దయావీరమనినది" అని చెప్పితిని. ఆమె మాటాడక తలవంచి నమస్కరించినది.

రేపు పారాయణమున 'వీరః' అను నామము వచ్చినపుడు క్షణకాలము ఆగి, నేను వెనుకకు తీసిన అడుగు ఏదియని మనలో మనము ప్రశ్నించుకొందము గాక. ఆ అడుగును ముందునకు వేయు శక్తిని స్వామియే ప్రసాదించును.

స్వస్తి.