పాటకు పాట జతపరచు విద్య

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక పెండ్లి బరాత్‌ను మేము చూచినాము. యువకులు ఉత్సాహముతో నృత్యము చేయుచుండగా డీజే ఒక పాటను నడుమనే ఆపి మరియొకటి ఆరంభించెను. ఎత్తిన అడుగు ఎచ్చట వేయవలెనో తోచక అందరును నిలిచిపోయిరి. అతడు శబ్దమును పెంచెను గాని ఆగిన అడుగులు కదలలేదు. లోపము శబ్దములో లేదు, అతుకులో ఉన్నదని మాకు తోచినది. ఆ అతుకునే ప్రధాన విద్యగా చేసికొన్న హౌస్ సంగీతమును గూర్చి ఇచట కొంత వివరింపదలచినాము.

అమెరికాలోని షికాగో నగరమున ‘వేర్‌హౌస్’ అను క్లబ్బులో 1977 నుండి ఫ్రాంకీ నకుల్స్ అను నల్లజాతి కళాకారుడు రికార్డులను ఎడతెగక జతపరచి వినిపించెను. ఆ క్లబ్బు పేరునుండియే ‘హౌస్’ అను పేరు వచ్చినదని చెప్పుదురు. ఇందు నాలుగు దెబ్బల తాళములో ప్రతి దెబ్బకు పెద్ద డ్రమ్ము మ్రోగును. నిమిషమునకు దెబ్బలు సుమారు 120 నుండి 130 వరకు ఉండును.

మొదటి పని వేగము కలుపుట. 120 దెబ్బల పాటకు 124 దెబ్బల పాటను జతపరచవలెనన్న, రెండవదాని వేగమును నూటికి 3.2 వంతున తగ్గింపవలెను. డీజే దానిని ముందుగా హెడ్‌ఫోనులో తానొక్కడే విని సరిచూచుకొనును. నేడు ఈ లెక్కను కంప్యూటరే చేయగలదు.

రెండవది, చోటు ఎరుగుట. ఈ పాటలు చాలవరకు 32 దెబ్బలకొక వాక్యముగా సాగును; 120 వేగమున అది 16 సెకండ్లు. పాత వాక్యము ముగిసిన చోటనే క్రొత్త పాట ప్రవేశింపవలెను.

మూడవది, మంద్రధ్వని. రెండు పాటల మంద్రము ఒక్కసారి మ్రోగినచో అంతయు గజిబిజి అగును. కావున ఒకదానిని తగ్గించుచు రెండవదానిని పెంచుదురు. శ్రుతులు కూడ పొసగవలెను.

ఇక వరుస. ముషాయిరాలో వర్ధమాన కవులు ముందును, పేరుమోసిన కవులు చివరను చదువుదురు గదా! డీజేయు మంచి పాటలన్నియు మొదటనే వెచ్చింపరాదు. ఆరేసి నిమిషముల పాటలను ఒక్కొక్క నిమిషము కలిపినచో గంటకు 12 పాటలు చాలును.

ఈ విద్య మనకు పరాయిది కాదు. నిజాముల సైన్యమున చేరిన హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన మర్ఫా నేటికిని హైదరాబాదు బరాత్‌లలో మ్రోగుచున్నది. మర్ఫా వాద్యకారుల వద్ద మీటలు లేవు. వారు ఆడువారి పాదములను చూచి, దెబ్బ ఆపకయే నడక మార్చుదురు.

రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు బహిరంగ ప్రదేశములలో లౌడ్‌స్పీకర్లను 2000 నాటి నియమములు నిషేధించుచున్నవి. కావున గడువునకు ముందే వేగము తగ్గించి సభను నెమ్మదిగా ఇంటికి పంపుటయు డీజే పనియే. మన కళాశాల వార్షికోత్సవమున ఈ బాధ్యత వహించు మిత్రులు స్పీకర్ల సంఖ్యను ఎంచుటకు ముందు పాటల వరుసను కాగితముపై వ్రాసికొందురుగాక.