గుట్టవార తండాలో అతిథి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనగానే మనకు జ్ఞప్తికి వచ్చునవి రెండు: హైదరాబాదు – విజయవాడ రహదారి, నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింది వరిపొలములు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ సీమలో పల్లపు భూముల రూపమే మారినది. కాని రహదారి విడిచి కొంతదూరము లోనికి పోయినచో, కాలువనీరు ఎక్కని మెట్టలమీదను, రాతిగుట్టల వాలులందును లంబాడీల తండాలు కానవచ్చును. చివ్వెంల, మోతె, పాలకవీడు, దామరచర్ల ప్రాంతములలో ఇట్టివి పెక్కు కలవు. ఇరుగుపొరుగున ఉండియు ఆ గడపలో ఒక్కమారైన కాలుపెట్టనివారు మనలో ఎందరో ఉన్నారు.

ఊరికి దూరముగా, గుట్టవార వీరేల నివసించిరి? ఈ ప్రశ్నకు సమాధానము తండా అను మాటలోనే ఉన్నది. మొదట తండా అనగా స్థిరమైన నివాసము కాదు. ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోయించుచు దేశమంతట సంచరించు బంజారాల బిడారు. పదునేడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి వజ్రవర్తకుడు, పదివేలు పండ్రెండువేల ఎద్దులు ఒక్కుమ్మడిగా సాగిపోవు బిడారులను గూర్చి ఆశ్చర్యముతో వ్రాసినాడు. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలుమార్గము ఏర్పడినది. రైళ్లు, బండిబాటలు పెరిగినకొలది ఎద్దుల రవాణాకు పని తగ్గిపోయినది. నిలిచిపోయిన బిడారులకు కావలసినవి పశువులకు మేత, నీరు. ఊరిపొలములు అప్పటికే ఊరివారివి. కావున బంజరులు, అడవి అంచులు, గుట్టవారలు వీరికి దక్కినవి. నడచు తండా నిలిచి పల్లెయైనది.

ఇట్టి తండాకు మీరు అతిథిగా పోయినారనుకొనుడు. మొదట వినబడు మాట ‘రామ్ రామ్’. మీరును అదే మాటతో బదులు పలుకవలెను. వెంటనే మంచము వాల్తురు, చెంబుతో నీరిత్తురు. ఈ నీటిని తేలికగా ఎంచరాదు. కుళాయిలు రాకపూర్వము మెట్టమీది తండాలలో స్త్రీలు దూరపు బావినుండియో, వాగుచెలమనుండియో బిందెలు మోసి తెచ్చుకొన్న నీరది. దిగువను కాలువ నిండుగా పారుచుండగా ఎగువను గుక్కెడు నీటికి కటకటపడిన కాలము ముసలివారికి ఇంకను జ్ఞాపకమున్నది. అట్టిచోట అతిథికి మొదట ఇచ్చునది నీరే.

తరువాత ప్రశ్నలు వచ్చును. ఏ ఊరు? ఎవరి ఇంటివారు? ఇది వట్టి కుతూహలము కాదు. లంబాడీలలో రాథోడ్, పమార్, చవాన్, వడిత్య అను పెద్ద గోత్రములును, వానిలో భూక్య మొదలగు అనేక శాఖలును కలవు. ఒకే గోత్రములో పెండ్లి చేసికొనరు. కావున వచ్చినవాడు లంబాడీయైనచో అన్నయో, బావయో తేల్చుకొనిన గాని మాట ముందుకు సాగదు. పరాయివానికి సయితము ఈ ప్రశ్నలు తప్పవు. వానికిని ఏదో ఒక వరుస కలిపి పిలుచుట వారి మర్యాద. పెద్దమనిషిగా నాయక్, ఆయనకు తోడుగా కార్భారి ఉండు పద్ధతి పూర్వమునుండి వచ్చినది. నాయక్ ఇంటికి పోయి పలుకరించుట అతిథికి ధర్మము.

భోజనమునకు జొన్నరొట్టె ముఖ్యము. దానిని వారు ‘బాటి’ అందురు. కారము, పప్పు, ఆకుకూర దానికి తోడు, పండుగయైనచో మాంసము. దగ్గరి చుట్టము చాలకాలమునకు వచ్చినప్పుడు ఇంటి స్త్రీలు కౌగిలించుకొని రాగయుక్తముగా ఏడ్తురు. ఎరుగనివారు అశుభమేదో జరిగినదని భ్రమపడుదురు. అది ఎడబాటును తలచుకొని పలుకు స్వాగతము. పెండ్లికూతురు పుట్టినిల్లు విడుచునప్పుడు పాడు ‘ఢావ్లో’ కూడ ఇట్టిదే. శ్రావణమాసమున తీజ్ పండుగనాళ్లలో పోయినచో, కన్నెపిల్లలు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిదిదినములు నీరుపోసి, పాటలతో మొలకలు పెంచుట చూడవచ్చును.

అద్దములు కుట్టిన రవికలు, రంగురంగుల పావడలు నేడు ఎక్కువగా వృద్ధస్త్రీలయొద్దను, పండుగలందును కానవచ్చును. వారిని వింతవస్తువులవలె చూచుటయు, అడుగక ఫోటోలు తీయుటయు అతిథిలక్షణము కాదు. వారి ‘గోర్ బోలీ’కి సొంత లిపి లేదు. పాటలు, వంశకథలు, వరుసలు నోటనే నిలిచినవి. పిల్లలు తెలుగులో చదువుకొనుట మంచిదే. ఇంట ఆ భాష వినబడుట మానినచో ఆ పాటలకు వేరొక భద్రస్థానము లేదు. కావున అతిథి తాను నాలుగు మాటలు అడిగి నేర్చుకొన్నను అది ఆ ఇంటికి గౌరవమే.

ఇంత ఆదరము చూపిన జాతిని లోకము ఎట్లు చూచినది? 1871 నాటి బ్రిటిషు చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసినది. పలుచోట్ల బంజారాలు ఆ ముద్రకు లోనైరి. ఆ చట్టము 1952లో రద్దయినది. తెలంగాణములో లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చినది 1976 నాటి చట్టము. 2018 పంచాయతిరాజ్ చట్టముతో అనేక తండాలు తమంత తాము గ్రామపంచాయతులైనవి. చట్టములు మారినవి. మన గడపయందలి అలవాట్లు కూడ అంతగా మారినవా యని ఎవరికి వారు విచారించుకొనవలెను.

తండాకు పోయి బాటి తిని వచ్చుట సులభము. సంతకు సూర్యాపేట వచ్చిన తండా అవ్వ మన అరుగుమీద నీడకు నిలిచినప్పుడు, మిర్యాలగూడలో చదువుకొనుటకు వచ్చిన తండాపిల్లవాడు అద్దెగదికై మన తలుపు తట్టినప్పుడు మనము చేయు పని అసలైన పరీక్ష. అక్కడ మనకు మంచము వాల్చినారు. చెంబుతో నీరిచ్చినారు. తరువాతనే ఊరుపేరు అడిగినారు. ఆ మూడు పనులు ఆ వరుసలోనే మన ఇంటను చేయవచ్చును. అందులకు ఖర్చేమియు లేదు.